సింహాచలము: కొండ పేరు, మనిషి పేరు

ఖరగ్‌పూరులో పాత సెటిల్మెంటు వీథులయందు గాని, నింపురా వైపున గాని, మథురాకాఠీ క్వార్టర్ల నడుమ గాని ఒక ముసలి తల్లి వాకిట నిలిచి “సిమ్మాచలం!” అని కేక వేసినచో, పలుకవలసినవాడు మనుమడో, పలుకవలసినది మనుమరాలో ఆ పిలుపును బట్టి చెప్పుటకు వీలులేదు. పేరు ఇద్దరిదియును కావచ్చును. ప్రక్కయింటి వంగీయునకు ఇది మరింత వింత. వారి దేశమున ‘సింహ’ యనునది వంశనామము. పేరునకు తుదిని ఉండవలసినది. అది మొదటికి వచ్చి, వెనుక ‘అచల’మును కూర్చుకొని, ఒక పిల్లవానికి పేరై కూర్చున్నదనగా ఆయనకు నవ్వును కలుగును, జిజ్ఞాసయు కలుగును. ‘దీని అర్థమేమి?’ అని ఆయన అడిగినప్పుడు ‘అది మా దేవుని కొండ’ అని మాత్రము చెప్పి ఊరకుండుట మనవారికి అలవాటు. ఆ సమాధానము తప్పు కాదు గాని, దాని వెనుక చెప్పవలసినది చాల కలదు.

సింహమనగా ఇచట నరసింహుడు. అచలమనగా కదలనిది, పర్వతము. విశాఖపట్నమునకు సమీపమున తూర్పు కనుమలలో సుమారు 800 అడుగుల ఎత్తున వెలసిన వరాహ లక్ష్మీనరసింహస్వామి క్షేత్రమే సింహాచలము. సింహగిరి, సింహాద్రి అనునవి దానికి పర్యాయములు. హిరణ్యకశిపుడు ప్రహ్లాదుని సముద్రమున పడద్రోయించి, అతనిపై కొండ నెత్తించెననియు, స్వామి దిగివచ్చి కాపాడెననియు, ఆ కొండయే ఇదియనియు స్థలపురాణము చెప్పును. కొలకాలము పూజలు లేక పుట్టలో మరుగుపడియున్న మూర్తిని పురూరవ చక్రవర్తి కనుగొనెనట. కప్పియున్న మట్టికి బదులుగా చందనము పూయవలెనని ఆజ్ఞ యైనదట. అందుచేతనే ఏడాది పొడుగున స్వామి చందనపు పూతలోనే యుండును. వైశాఖ శుద్ధ తదియ, అనగా అక్షయ తృతీయ, ఒక్కనాడు మాత్రము పూత తీసి నిజరూపము చూపుదురు.

ఇది పండితుల వాక్కు. పల్లెలలో ఆ స్వామికి వరాహ నరసింహుడని పేరు లేదు. ఆయన అప్పన్న. సింహాద్రి అప్పన్న. ‘అప్ప’ యనగా తండ్రి. తమిళ కన్నడములందు నేటికిని ఆ మాట తండ్రికే చెల్లును. తెలుగున అప్పయ్య, అప్పారావు వంటి పేళ్ళలో నిలిచియున్నది. దానికి ‘అన్న’ చేరి అప్పన్న యైనది. తండ్రియు అన్నయు ఒక్కడే యైన దేవుడన్నమాట. విచిత్రమేమనగా, ఇదే విశాఖ, విజయనగరము, శ్రీకాకుళము జిల్లాల వాడుకలో ‘అప్ప’ యనగా అక్క. తోబుట్టువును పిలిచెడి మాటతోనే దేవుని పిలుచుచున్నట్లు పిల్లలకు తోచినను ఆశ్చర్యము లేదు. అప్పన్ననుండియే ‘అప్పల’ యను రూపము పేళ్ళకు ముందు చేరి పెద్ద సంతానమును కనినది: అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనరసయ్య, అప్పలాచార్యులు, స్త్రీలలో అప్పలమ్మ, అప్పలనరసమ్మ, అప్పయ్యమ్మ, అప్పలకొండ. దుక్కి దున్నువాడును, వేదము చెప్పువాడును, జమీందారును, జాలరియు పంచుకొనిన పేరు ఇది. తెలుగుదేశమున పేరు వినగానే కులము ఊహించువారు కొందరు కలరు గదా, ‘అప్పల’ వద్ద వారి ఊహ సాగదు. అది చెప్పునది ఊరిని మాత్రమే: ఈ మనిషి, లేక ఈతని తాత, సింహగిరికి నడచిపోగల దూరమున పుట్టినవాడు.

ఆ కొండకు చరిత్రయు తక్కువది కాదు. కులోత్తుంగ చోళుని కాలమునాటి 1098-99 శాసనము అచట కలదు. అనగా అప్పటికే అది ప్రసిద్ధ క్షేత్రమన్నమాట. కోణార్కమున సూర్యదేవాలయము కట్టించిన తూర్పు గాంగరాజు మొదటి నరసింహదేవుడే సింహాచలమున నేడు మనము చూచెడి ప్రధానాలయమును నిర్మింపజేసెనని 1268 నాటి శాసనము తెలుపుచున్నది. రాజు పేరును, దేవుని పేరును ఒక్కటే యగుట గమనింపదగినది. గాంగవంశమున ఆ పేరు పిమ్మట మరి ముగ్గురు రాజులు ధరించిరి. కళింగ జైత్రయాత్రలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఇచటికి వచ్చి స్వామికి ఆభరణములు సమర్పించెను. 1519లో ఆయన ఇచ్చిన దానములకును శాసనము కలదు. ఆలయపు గోడలపైనను స్తంభములపైనను వందలకొలది శాసనములు చెక్కబడియున్నవి. కృష్ణమాచార్యుని సింహగిరి వచనములు తెలుగున తొలి వచన రచనలలో ఎన్నదగినవి. పదునెనిమిదవ శతాబ్దమున సింహాద్రి నారసింహ శతకము వ్రాసిన గోగులపాటి కూర్మనాథకవిని ఇచట తలచుకొనక తప్పదు. ఆయన కీర్తించినది సింహాద్రినాథుని. ఆయన ధరించినది శ్రీకూర్మనాథుని పేరు! శ్రీకాకుళము చెంత శ్రీకూర్మము, సింహగిరి, ఈ రెండు పుణ్యక్షేత్రములు ఒక్క కవియందు కలిసికొనినవి.

గాంగుల ఏలుబడి ఉత్కళాంధ్రములకు ఉమ్మడి యగుటచే ఈ పేరు భాషాసీమ దాటినది. ఒడిశాలోని గంజాం జిల్లాలో ‘సిమాంచల’ యను పేరు నేటికిని మిక్కిలి వాడుకలో నున్నది. అది సింహాచలమే, ‘హ’కారము జారి, నడుమ అనునాసికము చేరి, సీమాంచలమను వేరొక అర్థము కూడ స్ఫురించునంతగా రూపు మారినది. తెలుగు పల్లెలో ‘సిమ్మాచలం’, ఒడియా పల్లెలో ‘సిమాంచల’, వంగీయుని నోట ‘శింఘాచలమ్’. కొండ మాత్రము పేరునకు తగినట్లు కదలలేదు.

అసలు మనిషికి కొండ పేరు ఎందుకు పెట్టవలెను? దీనికి మూలము మొక్కుబడి. సింహాచలాలయ ముఖమంటపమున కప్పస్తంభమను రాతికంబము కలదు. కప్పము అనగా స్వామికి చెల్లించు కానుక; ఆ కంబమువద్ద చెల్లించుటచేత దాని కా పేరు వచ్చినదందురు. సంతానము కోరువారు దానిని రెండు చేతులతోను కౌగిలించుకొని మనసులోని మాట చెప్పుకొందురు. ఆ మీదట పుట్టిన బిడ్డ ఆడుదైనను మగవాడైనను పేరు ముందుగనే నిర్ణయమైనదే. స్వామి ఇచ్చిన బిడ్డకు స్వామి కొండ పేరు. తెలుగున ‘ము’తో ముగియు మాట స్త్రీకిని పురుషునకును చెల్లును గావున వ్యాకరణమునకు కూడ ఆక్షేపణ లేదు, మాణిక్యము, సుబ్రహ్మణ్యము, సింహాచలము అన్నియు ఒక్క వరుసలోనివే. బిడ్డ నిలిచినచో పుట్టువెండ్రుకలు కొండపై తీయింతురు. పాడియున్న రైతులు కోడెదూడను స్వామికి విడుతురు. ఆషాఢ పూర్ణిమనాడు కొండచుట్టు సుమారు 32 కిలోమీటర్లు కాలినడకన గిరిప్రదక్షిణము చేయుదురు.

పురిటిలోనే బిడ్డలు పోవుట ప్రతియింటను సామాన్యమైన ఆ దినములలో పేరు ఒక అలంకారము కాదు, అదొక రక్ష. మృత్యువు కన్నుపడకుండవలెనని పెంటయ్య, పుల్లయ్య అని తక్కువ పేళ్ళు పెట్టిన తల్లులే, దేవుడు విడువకుండవలెనని అప్పలస్వామి, సింహాచలము అని పెట్టిరి. ఒకటి మృత్యువు కన్ను మరల్చుట, మరియొకటి దైవము చేయి పట్టుకొనుట. భయము మాత్రము రెంటికిని ఒక్కటే. నేడు ఈ పేళ్ళను మోటపేళ్ళని నవ్వువారు ఆ తల్లుల భయమును ఎరుగరు.

ఉత్తరాంధ్రపు పేళ్ళు ఒకచోట పేర్చినచో ఆ దేశపు పటము గీయవచ్చును. అనకాపల్లి నూకాలమ్మ వలన నూకరాజు, నూకయ్య, నూకరత్నము. విజయనగరము పైడితల్లి వలన పైడిరాజు, పైడమ్మ. శ్రీకూర్మము వలన కూర్మారావు, కూర్మయ్య. శ్రీముఖలింగము వలన ముఖలింగము. ఈ ముఖలింగము కూడ సింహాచలము వలెనే ఊరి పేరు యథాతథముగ మనిషికి వచ్చిన పేరు. దీనిని విస్తరించి చూచినచో మరియొక చమత్కారము కనబడును. నరసింహుడు తెలుగునాట పలుచోట్ల కొండలయందు వెలసెను. ఏ కొండ చెంత పుట్టినవారు ఆ కొండ పేరు దాల్చిరి. అహోబిలము చెంత ఓబులేసు, ఓబయ్య. నెల్లూరు సీమలో పెంచలకోన వలన పెంచలయ్య. మాలకొండ వలన మాలకొండయ్య, మాల్యాద్రి. తెలంగాణమున యాదగిరిగుట్ట వలన యాదగిరి, యాదయ్య, యాదమ్మ. అప్పలస్వామి, ఓబులేసు, పెంచలయ్య, మాల్యాద్రి, యాదగిరి ఐదుగురును ఒక రైలుపెట్టెలో కూర్చున్నచో ఒకరి పేరు ఒకరికి వింతగ తోచును. ఐదుగురిదియు ఒక్క దేవుని పేరే యని తెలిసికొనుటకు కొంత దూరము ప్రయాణము చేయవలెను. పూర్వము ఈ వైవిధ్యము ఇంతగా కనబడదు. సింగన, సింగయ, నరస అనునవి తెలుగుదేశమంతటను వినబడెడివి. మడికి సింగన, రాచకొండ సింగభూపాలుడు ప్రసిద్ధులే కదా.

ఇక ఈ పేరు ఖరగ్‌పూరునకు వచ్చిన దారి ఇనుపదారి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ మేదినీపూరు జిల్లాలోని ఖరగ్‌పూరును జంక్షనుగ చేసికొనినది. 1900 నాటికి రూపనారాయణ నదిపై వంతెన పూర్తియై హౌరాతో సంబంధము కలిగినది. గొప్ప వర్క్‌షాపు లేచినది. మరియొకవైపు, 1893-96 నడుమ బెజవాడనుండి కటకము వరకు తెరువబడిన ఈస్టు కోస్టు స్టేట్ రైల్వేలో ఉత్తరభాగము, అనగా వాల్తేరుకు పైన విజయనగరము, శ్రీకాకుళం రోడ్డు, పలాస మీదుగ పోవు దారి, 1902లో ఈ కంపెనీ చేతికే వచ్చినది. ఈ ఒక్క మార్పు వేలకొలది కుటుంబముల తలవ్రాత మార్చినది. వాన నమ్ముకొని బ్రతుకు ఆ జిల్లాల వారికి అంతకుముందు దారి సముద్రము మీద రంగూనునకు. ఇప్పుడు ఊరి ప్రక్కన ఆగెడి బండియే ఖరగ్‌పూరు చేర్చును. ఒకడు వచ్చి ఫౌండ్రీలోనో బాయిలరు షాపులోనో కుదిరినచో బావమరిదిని పిలిచెను. బావమరిది పినతల్లి కొడుకును పిలిచెను. ఈ విధముగ వచ్చినవారిలో సింహాచలములు, అప్పలస్వాములు మెండుగ నుండుట సహజము, వారు వచ్చిన నేల అట్టిది.

కూలి పెట్టెలలో వారు తెచ్చుకొనిన సామానులో దేవుని పటము కంటె పేరే గట్టిగా నిలిచినది. 1927 నాటి ఖరగ్‌పూరు సమ్మెలో, తరువాతి కార్మికోద్యమములలో ఈ పేళ్ళవారు పాల్గొనిరి. బి.ఎన్.ఆర్. కార్మికుల నాయకుడై పిమ్మట 1969 నుండి 1974 వరకు రాష్ట్రపతిగ నుండిన వరాహగిరి వెంకటగిరి బరంపురమున పుట్టిన తెలుగువారు. ఆయన ఇంటిపేరే ‘వరాహగిరి’ యగుట అప్పలస్వాములకు మాత్రము శుభశకునముగ తోచియుండును. వసంతకాలమున ఖరగ్‌పూరు తెలుగువారు వాడవాడలా చేసికొను మాతాపూజలో, ఘటములు మోసెడి స్త్రీలలో, డప్పుల వెనుక నడచు పెద్దలలో ఈ పేళ్ళు వినబడుచు వచ్చినవి. అమ్మవారి పండుగ కళింగపు పల్లెలదే. ఇచట పేరు మాత్రమే వంగభాషలో మాతాపూజ యైనది.

పేరు బ్రతికినది గాని, కాగితముపై దానికి చాల కష్టములు వచ్చినవి. తెలుగున ఇంటిపేరు ముందు, మనిషి పేరు వెనుక. వంగదేశమునను హిందీ ప్రాంతములందును పదవి తుదిని రావలెను. కావున సర్వీసు పుస్తకమున తుదినున్న ‘సింహాచలము’ పలుచోట్ల వంశనామమై కూర్చున్నది. ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమై ముందు మిగిలినది. కొడుకును బడిలో చేర్చునప్పుడు ‘మీ పదవి యేమి?’ అని అడిగినచో, తండ్రి పేరునే చెప్పినవారు కలరు. ఈ చిక్కు వద్దని ‘రావు’ అని వ్రాయించినవారు అంతకంటె ఎక్కువ. పిల్లలందరికిని ‘రావు’ వంశనామమగుటచే ఒక్క వీథిలో నలుబదియిండ్లవారు అన్నదమ్ముల వలె కనబడుదురు. ఆంగ్లలిపిలో ‘హ’కారము ఒకచో నిలిచి, మరియొకచో జారి, వేరొకచో ‘గ’కారమై సింహాచలము, సిమాచలము, సింగాచలము అని ముగ్గురు మనుష్యులైనట్లు కనబడును. ఉద్యోగి జీవించియున్నంతకాలము ఇది నవ్వుకొనదగిన సంగతి. అతడు గతించి భార్య కుటుంబపు పింఛను కొరకు వచ్చినప్పుడు సర్వీసు పుస్తకమున ఒక రీతిగ, రేషను కార్డులో వేరొక రీతిగ ఉన్నచో, ఇద్దరును ఒక్కడే యని ప్రమాణపత్రము తేవలెను. భార్య పేరు కూడ సింహాచలమే యైనచో ఆ గుమాస్తా పడు తికమక చెప్పనలవి కాదు. అట్టి దంపతులు ఉత్తరాంధ్రమున అరుదు కారు.

అందుచే కాగితములకు ఒక పేరు, ఇంటికి ఒక పేరు అను ఏర్పాటు వచ్చినది. బడిలో నరసింహారావు, ఇంటిలో అప్పన్న. ఈ రాజీ కొంతకాలము నడచి, తరువాతి తరమున ఇంటిపేరు కాని ఈ ఇంటిలోని పేరు సన్నగిల్లినది. ఇటీవల పుట్టిన పిల్లలలో సింహాచలమను పేరు పిలుపునామముగ వినబడుట ఖరగ్‌పూరుననే కాదు, విశాఖపట్నమునను అరుదైనది. దీనికి ఒక్క గుమాస్తాను నిందించుట న్యాయము కాదు. మన చలనచిత్రములు సింహమును వీరునికిచ్చి, అప్పలస్వామిని నవ్వించు నౌకరునకు ఇచ్చినవి. 1999లో సమరసింహారెడ్డి, 2003లో సింహాద్రి తెరపై గర్జించుచుండగా అదే అర్థముగల సింహాచలము మాత్రము అమాయకుని పేరుగా మిగిలినది. పట్టణమున చదువుకొను పిల్లవానికి ఆ నవ్వు భరింపరానిది. తల్లిదండ్రులు పేరు మార్చుటలో తప్పుపట్టుటకు లేదు. ఐనను పూర్తిగ విడుచుటకు వారికిని మనసొప్పదు. పొడవైన పేరున నడుమ ఎచటనో ‘వరాహ’ యనియో ‘సింహాద్రి’ యనియో ఒక మాట ఇరికించి, దానిని ఒక పొడి అక్షరముగ వ్రాయుచున్నారు. అప్పలనాయుడు, అప్పలరాజు అను పేళ్ళు మాత్రము స్వస్థలమున ఇంకను గట్టిగనే యున్నవి; 2024లో విజయనగరమునుండి లోక్‌సభకు ఎన్నికైనది కలిశెట్టి అప్పలనాయుడు.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అదనపు అధికారభాషగ గుర్తింపునిచ్చుటకు నిర్ణయించినది. నూరేండ్లకు పైబడి ఇచట మాటలాడబడుచున్న భాషకు అది రావలసిన గౌరవమే. సింహాచలమను పేరును తెలుగు అక్షరములలో వ్రాసినచో ‘హ’కారము జారు ప్రమాదము లేదు, కాని అట్లు వ్రాయుటకు ఆ పేరుగల బిడ్డయు ఒకతె ఉండవలెను కదా.

వాల్తేరు డివిజను 2003 ఏప్రిల్ 1న ఈస్టు కోస్టు రైల్వేలో చేరువరకు ఖరగ్‌పూరుతోబాటు ఆగ్నేయ రైల్వేలోనే యుండెను. ఆ డివిజనులో, విశాఖపట్నమునకు ఉత్తరమున, కొండకు దగ్గరగా సింహాచలమను స్టేషను కలదు. ఖరగ్‌పూరునుండి సెలవులకు స్వగ్రామము పోవు కుటుంబములు ఆ దారిని పోవునపుడు పెద్దలు కిటికీ ప్రక్కకు జరిగి కొండవైపు చేతులు జోడింతురు. పిల్లలు మూడు లిపులలో వ్రాసిన పలకను కూడబలుకుకొని చదివి, ‘ఇది తాతగారి పేరే!’ అని ఒకరినొకరు పొడుచుకొని నవ్వుదురు.